గొంగళి రెక్క

మధిర దగ్గరి పల్లెలో మా బాబాయి ఇంటి వసారా పక్కన ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో మిరప బస్తాలు వేసేవారు. ఇప్పుడు రెండు బల్లల మీద ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న చెక్కపెట్టె ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే మొదట అందేది చప్పుడు. గొంతులోనే సన్నగా తిరిగే కిచకిచ, ఆగుతూ సాగుతూ ఉంటుంది. ఆ చప్పుడు వినగానే బాబాయి భుజాలు వదులవుతాయి. పిల్లలు హాయిగా ఉన్నాయని అర్థం. చలి వేసినా, దాహం వేసినా, గుంపు తప్పినా వాటి గొంతు వేరు. గట్టిగా, విడివిడిగా, గుచ్చుకునేలా అరుస్తాయి.

పెట్టె పక్కగోడకు చిన్న అద్దం కిటికీ ఉంది. "పైనుంచి చూడకమ్మాయ్, ఇటు వంగు" అన్నాడు. వంగాను. మందంగా పరిచిన ఊక మీద ఇరవై నాలుగు వనరాజా పిల్లలు కనిపించాయి. కొన్ని కాళ్ళు చాచి పక్కకు ఒరిగి పడుకున్నాయి, రెండు నూకలు ఏరుతున్నాయి, ఒకటి నీళ్ళ పళ్ళెం దగ్గర తలెత్తి మింగుతోంది. వాటి మధ్య, పెట్టెకు ఒక కొసన, బోర్లించిన అల్యూమినియం బేసిన్ గొలుసులకు వేలాడుతోంది. దాని అంచు చుట్టూ నల్లటి గొంగళి ముక్క కుచ్చెళ్ళలా దిగి ఉంది. ఆ గొంగళిని తోసుకుంటూ ఒక పిల్ల లోపలికి దూరింది. కాసేపటికి అవతలి పక్క నుంచి మరో రెండు బయటికొచ్చాయి.

ముప్పై ఏళ్ళు ఇళ్ళకు వైరింగు చేసిన చేతులు బాబాయివి. అంతకుముందు మూడేళ్ళు వడ్రంగం నేర్చుకున్నాడు. ఈ పెట్టెలో ఆ రెండు పనులూ కనిపిస్తాయి, వాటితో పాటు కోళ్ళను చూసీ చూసీ అబ్బిన తెలివీ కనిపిస్తుంది. నేను రెండు రోజులు దాని దగ్గరే కూర్చున్నాను. ప్రతి సీలకూ ఒక కారణం ఉన్న వస్తువు అరుదుగా దొరుకుతుంది. ఇది అలాంటిదని నా నమ్మకం.

నాటు పెట్టకు ఇలాంటి పెట్టె అక్కర్లేదు. ఇరవై ఒక్క రోజులు పొదిగి, పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుని, మిగతాది తనే చూసుకుంటుంది. మనం రాత్రిపూట గంప కప్పెడితే చాలు. కానీ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల పిల్లలు యంత్రాల్లో పుట్టి, అట్టపెట్టెల్లో సర్దుకుని ఊళ్ళకు వస్తాయి. వాటి వెంట తల్లి రాదు. గుడ్డులోని సొన చివరి గంటల్లో పిల్ల కడుపులోకి చేరుతుంది కాబట్టి రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతాయి. ఆ బలంతోనే అంత దూరం ప్రయాణం చేయగలుగుతున్నాయి. చలికి మాత్రం అలాంటి నిల్వ ఏదీ లేదు. పుట్టినప్పటి నూగు ఒంటి వేడిని నిలపలేదు. ఈకలు వచ్చేదాకా, అంటే మూడు నాలుగు వారాలపాటు, వేడి బయటి నుంచి అందాల్సిందే.

ఎంత వేడి అన్నది పుస్తకాల్లో ఉంది. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. ఈ లెక్క తెలిసిన చాలామంది పెట్టె అంతా 35 డిగ్రీలకు తెచ్చి, పని అయిపోయిందనుకుంటారు. బాబాయి మొదటి పెట్టె అలాంటిదే. టీవీ వచ్చిన అట్టపెట్టెలో నడుమ వంద వాట్ల బల్బు వేలాడదీశాడు. పగలు పిల్లలు నోళ్ళు తెరిచి రొప్పాయి. రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఒక మూలలో నాలుగు పిల్లలు కింద నలిగి, ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన పెట్టె వైపు కాకుండా గోడ వైపు చూశాడు.

ఆ తర్వాత వారం రోజులు ఇంకే పనీ పెట్టుకోకుండా ఎదురింటి పిల్లలకోడిని చూశాడట. ఆయన గమనించింది ఇదీ: కోడి పిల్లల్ని ఎప్పుడూ కప్పుకుని కూర్చోదు. అవి బయటికొచ్చి గింజలు ఏరతాయి, చల్లబడగానే పరుగెత్తుకొచ్చి రెక్క కింద దూరతాయి, వెచ్చబడగానే మళ్ళీ బయటపడతాయి. పొద్దంతా ఇదే రాకపోకలు. తల్లికోడి ఒక వేడిచోటు మాత్రమే. దాని చుట్టూ చల్లటి లోకం ఉంది. ఎప్పుడు దూరాలో, ఎప్పుడు రావాలో తేల్చుకునేది పిల్ల. "వేడి మనం ఇవ్వాలి, ఎంత కావాలో అవి తీసుకోవాలి" అన్నాడు బాబాయి. ఈ పెట్టె పనితనమంతా ఆ ఒక్క మాటకు కట్టుబడి ఉంది.

అందుకే అది ఆరడుగుల పొడవు. బేసిన్ సరిగ్గా నడుమ కాక ఒక కొసకు వేలాడుతుంది. ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేసరికి వేడి మెల్లగా తగ్గుతూ గది వేడికి చేరుతుంది. మొదటి వారం పిల్లలు మరీ దూరం వెళ్ళి దారి తప్పకుండా మూడడుగుల దగ్గర అడ్డపలక ఉంటుంది. పెట్టె రెండు పక్కగోడల లోపలి వైపున నిలువు గాడులు తీశాడు. పలక పైకి లాగి, నాలుగున్నర అడుగుల గాడిలోకి దించితే రెండో వారం ఇల్లు. పలక తీసేస్తే మూడో వారానికి ఆరడుగులూ వాటివే. అప్పటికి పిల్లకు అర చదరపు అడుగు చొప్పున చోటు. పన్నెండు చదరపు అడుగుల్లో ఇరవై నాలుగు పిల్లలు, ఒక్కటి ఎక్కువ తీసుకోడు. గాడి అంచులు ఉలితో తీసి గరుకు కాగితంతో నునుపు చేశాడు. పలక ఒక్క చేత్తో, చప్పుడు లేకుండా జారుతుంది. చప్పుడైతే పిల్లలు బెదిరి మూలకు పరుగెడతాయి.

మూలలు కూడా లేవు. నాలుగు మూలల్లోనూ నూనె డబ్బా రేకును వంపుగా వంచి, అంచులు మడిచి కొట్టాడు. బెదిరిన పిల్లలు గోడ వెంట పరుగెత్తినా వంపు తిరిగి మళ్ళీ మధ్యలోకే వస్తాయి. ఒకదాని మీద ఒకటి పడి నలిగే చోటు పెట్టెలో ఎక్కడా లేదు. రేకు అంచు మీద వేలు పెట్టి నడిపించాను. గీసుకోలేదు. మడత లోపలికి పోయింది.

బేసిన్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. పదహారు అంగుళాల వ్యాసం. వేడి గొడుగు కింద పిల్లకు ఏడు చదరపు అంగుళాలు కావాలని ఒక పాత లెక్క ఉంది. ఇరవై నాలుగు పిల్లలకు 168. ఈ బేసిన్ కింద దాదాపు 200 ఉన్నాయి. ఆయన ఈ లెక్క కాగితం మీద వేయలేదు, బజారులో బేసిన్లు తిరగేసి చూసి, "ఇదైతే పడతాయి" అని తెచ్చాడు. అల్యూమినియం లోపలి మెరుపు వేడిని కిందికి తిప్పి కొడుతుంది. పైన నడిమిలో అర అంగుళం బెజ్జం ఉంది. లోపల పోగుపడ్డ వేడిగాలి అందులోంచి పోతుంది కాబట్టి హోల్డర్లు మాడవు. ఆ హోల్డర్లు పింగాణీవి. ప్లాస్టిక్‌వి ఈ వేడికి మెత్తబడి బల్బును వదిలేస్తాయి. వదిలేస్తే బల్బు పడేది ఊకలో. ప్రతి హోల్డరు లోపలా వైరుకు చిన్న ముడి వేశాడు. ఎవరైనా తెలియక లాగినా ఆ లాగుడు ముడి దగ్గరే ఆగుతుంది, స్క్రూల దాకా పోదు. బేసిన్ లోహం కాబట్టి దానికి ఎర్తు వైరు బిగించాడు. బల్బుల కింద ఉక్కు జాలి. వైరు బరువు మొయ్యదు. బేసిన్‌ను మోసేవి మూడు గొలుసులు, అవి తెగితే పట్టుకోవడానికి నాలుగోది ఒక బైండింగ్ తీగ. ముప్పై ఏళ్ళ వైరింగు పని ఇక్కడుంది. ఒక్కటి కూడా కంటికి ఆనేట్టు లేదు, మూత విప్పి చూపిస్తే తప్ప తెలియదు.

లోపల రెండు హోల్డర్లు. ఒకటి 40 వాట్లు, ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. రెండోది 60 వాట్లు, అది మాత్రమే థర్మోస్టాట్ మీదుగా పోతుంది. థర్మోస్టాట్ కూడా ఖరీదైనదేమీ కాదు. 12 వోల్టుల మీద నడిచే, ఎర్ర అంకెలు చూపే డబ్ల్యూ 1209 రకం చిన్న పలక. దాని కొసన ఉన్న వేడిని పట్టే తీగను ఊకకు రెండు అంగుళాల పైన కట్టాడు. అది కోడిపిల్ల వీపు ఎత్తు. పెట్టె పైభాగంలో కొలిస్తే అంకె బాగానే కనిపిస్తుంది, పిల్ల మాత్రం కింద వణుకుతుంది.

రెండు బల్బులూ థర్మోస్టాట్ కిందే ఎందుకు పెట్టలేదని అడిగాను. "అది చెడిపోతే?" అన్నాడు. ఆలోచిస్తే ఎంత మంచి జవాబో అర్థమైంది. పలక చెడి బల్బును ఆర్పేసిందనుకోండి, 40 వాట్లు మిగిలే ఉంటుంది. అతుక్కుపోయి ఆర్పడం మానేసిందనుకోండి, బేసిన్ కింద వేడెక్కుతుంది, అప్పుడు పిల్లలు నడిచి అవతలి కొసకు పోతాయి. యంత్రం ఎటు తప్పినా పిల్లకు ఒక దారి ఉంది. పెద్ద పెద్ద ఫారాల్లో ఇలాంటి ఆలోచనకు ఇంజనీర్లు ఉంటారు. ఇక్కడ మిరప బస్తాల గదిలో ఒక మనిషి రెండు వైర్లు విడదీసి ఆ పని సాధించాడు.

ఇక ఆ గొంగళి. కురుమలు నేసే నల్ల ఉన్ని గొంగళి, మా తాతది. పొలం కాపలాకు కప్పుకుపోయేవాడు. చిరిగిన చోట్లు పోగా మిగిలినదాన్ని బాబాయి మూడంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ప్రతి పట్టీ అంచునూ మడిచి కుట్టించాడు. కుట్టకపోతే పోగులు విడిపోయి పిల్లల కాళ్ళకు, మెడలకు చుట్టుకుంటాయి. పిన్ని కుట్టింది. పట్టీల మధ్య సందుల్లోంచి పిల్లలు దూరతాయి, వేడి మాత్రం లోపలే నిలుస్తుంది. దూరేటప్పుడు ఉన్ని వాటి వీపుకు రాసుకుంటుంది. ఎన్నో పిల్లలు పట్టీని వీపు మీద వేసుకుని, తల లోపల పెట్టి, తోక బయట ఉంచి నిద్రపోవడం చూశాను. ఉన్నికి నిప్పంటినా నూలులా భగ్గుమనదు, కమురుకుంటుంది. అయినా పట్టీలు బల్బుకు దూరంగా ఉండేలా బేసిన్ అంచుకే రివెట్లతో కొట్టాడు.

ఆ ఉన్నిని చూస్తే నాకు ఒకాయన గుర్తొచ్చాడు. ఫ్రాన్సులో రేమూర్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. వేడిని కొలిచే ఒక మానానికి ఆయన పేరే ఉంది. పేడ ఎరువు వేడితో గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని పెంచే విధానం గురించి 1749లో ఒక పుస్తకం అచ్చువేశాడు. తల్లి లేని పిల్లల కోసం ఆయన ఒక పెట్టె చేశాడు. దాన్ని కృత్రిమమైన తల్లి అన్నాడు. లోపల కప్పుకు ఉన్నితో ఉన్న గొర్రెతోలు బిగించాడు. ఆ కప్పును వాలుగా పెట్టాడు, పొట్టి పిల్లలు వాలు దిగిన వైపు, పొడుగు పిల్లలు లేచిన వైపు నిలబడి, ఏది ఎంత ఎత్తున్నా ఉన్ని వీపుకు తగలాలని. ఈ సంగతి నాకు తెలుసు. బాబాయికి తెలియదు.

ఆయన బేసిన్‌కున్న మూడు గొలుసుల్లో వెనకది రెండు లంకెలు కిందికి ఉంది. బేసిన్ కాస్త వాలింది. మొదట పొరపాటనుకున్నాను. "అన్నీ ఒకేలా పెరగవుగా. వెనకబడ్డ పిల్లకు వెనక చోటు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. కాలం వేరు, ఖండం వేరు. కోడిపిల్ల వీపు ఒకటే కాబట్టి, దాన్ని జాగ్రత్తగా చూసిన ఇద్దరూ ఒకే వాలు దగ్గరికి వచ్చారు.

గొలుసు లంకెల మీద రంగులు ఉన్నాయి. ఎర్రది మొదటి వారం, పసుపు రెండోది, ఆకుపచ్చ మూడోది. వారం తిరగగానే కొక్కెం పై రంగులోకి మారుతుంది, బేసిన్ రెండు మూడు అంగుళాలు లేస్తుంది, కింద వేడి తగ్గుతుంది. ఊళ్ళో లేనప్పుడు పిన్ని అయినా, పక్కింటి కుర్రాడైనా మార్చగలగాలని ఆ రంగులు. థర్మామీటరు ఉన్నా చివరి మాట పిల్లలదే. అన్నీ బేసిన్ కింద ఇరుక్కుంటే చలి, అన్నీ దాన్ని వదిలి గోడలకు అంటుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువ, అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది, అంతటా చెల్లాచెదురుగా ఉంటే అన్నం తినడానికి మనం పోవచ్చు.

గాలి విషయంలో చాలామంది తడబడతారు. చలికి భయపడి పెట్టెను బిగదీస్తారు, తేమ, ఘాటు లోపలే నిలుస్తాయి. ఈ పెట్టెకు బెజ్జాలు గోడల పైభాగంలోనే ఉన్నాయి, పిల్లల ఎత్తులో ఒక్కటీ లేదు. పాతగాలి పైనుంచి పోతుంది, పిల్లల మీద ఈదర పడదు. మూతకు పావు అంగుళం జాలి బిగించాడు. అరంగుళం జాలిలోంచి చిట్టెలుక, చిన్న పాము దూరగలవు. రెండో వారం దాటితే పిల్లలే ఎగిరి గోడెక్కుతాయి కాబట్టి మూత వాటి కోసం కూడా.

చెయ్యి లోపలికి పోయేది పైనుంచి కాదు. అద్దం కిటికీ పక్కనే జానెడు తలుపు ఉంది. పైనుంచి దిగే చెయ్యి పిల్లకు గద్ద నీడ. పక్క నుంచి, నేల మీదుగా వచ్చే చేతిని రెండు రోజుల్లో అలవాటు చేసుకుంటాయి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లో వేసే చుక్కల మందు కూడా ఆ తలుపు దగ్గరే వేస్తాడు. పట్టుకోవడానికి వెంటపడాల్సిన అవసరం రాదు.

అడుగున రెండంగుళాల మందం ఊక. మొదటి మూడు రోజులు దాని మీద ఉతికిన గోనెపట్టా. మేతకూ ఊకకూ తేడా తెలియని వయసు, గోనె లేకపోతే ఊకే మింగుతాయి. వార్తాపత్రిక పరచడం చాలాచోట్ల చూశాను. నున్నటి కాగితం మీద పిల్లల కాళ్ళు ఇటూ అటూ జారి, వారంలో కుంటివవుతాయి. గోనె నేతలో గోళ్ళు పట్టు చిక్కుతాయి. రంపపు పొట్టు వాడనే వాడడు, అది సన్నగా నూకలా ఉండి కడుపులోకి పోతుంది.

నీళ్ళ ఏర్పాటు ప్లాస్టిక్ డబ్బా, ఒక పళ్ళెం. డబ్బా మూతి దగ్గర ఒక బెజ్జం, అది పళ్ళెం అంచు కంటే కిందికి ఉండాలి. బోర్లిస్తే నీళ్ళు బెజ్జం మునిగేదాకా వచ్చి ఆగిపోతాయి. పిల్లలు తాగి మట్టం తగ్గగానే గాలి ఒక బుడగ లోపలికి పోతుంది, అంత నీళ్ళు బయటికొస్తాయి. పళ్ళెంలో గులకరాళ్ళు పరిచాడు, నిద్రమత్తులో తూలి పడ్డ పిల్ల మునగదు. డబ్బా కింద జాలి కొట్టిన చెక్కదిమ్మ, చిందిన నీళ్ళు జాలి కిందికి పోతాయి, ఊక తడవదు. తడిసిన ఊకలోంచే రక్తపారుడు పుడుతుంది. దిమ్మలు మూడు ఎత్తుల్లో ఉన్నాయి. నీళ్ళెప్పుడూ పిల్ల వీపు ఎత్తులోనే ఉండాలి. పిల్లలు వచ్చిన రోజు ఒక్కోదాని ముక్కు బెల్లం నీళ్ళలో ముంచి వదులుతాడు. ఒకటి నేర్చుకుంటే చాలు, మిగతావి దాన్ని చూసి తాగుతాయి.

ఒక లోపం ఉండేది. మొదట రెండు హోల్డర్లలోనూ గుండు బల్బులే. 2015 నుంచి ఎల్‌ఈడీలు ఇంటింటికీ వచ్చాక పసుపు బల్బు దొరకడమే కష్టమైంది. వెలుగు తక్కువ ఇచ్చి వేడిగా వృథా అవుతుందని జనం వదిలేసిన బల్బు అది, ఆ వేడే ఇక్కడ కావలసింది. అది దొరికినా, బేసిన్ కింద రాత్రంతా వెలుతురే. కోడి రెక్క కింద చీకటి ఉంటుంది. రెండో ఏడు 40 వాట్ల చోట వెలుగివ్వని సిరామిక్ హీటరు పెట్టాడు. రెండో వారం నుంచి రాత్రి 60 బల్బు ఆర్పేస్తే పిల్లలు చీకట్లోనే వెచ్చగా పడుకుంటాయి. ఆ హీటరు చేతికి తగిలితే చర్మం ఊడుతుంది, వెలగదు కాబట్టి ఆరిందో లేదో కూడా తెలియదు. అందుకే దాని చుట్టూ జాలి రెండు వరసలు.

నేనున్న రెండో రాత్రి కరెంటు పోయింది. పుష్యమాసపు చలి. బాబాయి లేవకముందే పిన్ని పొయ్యి వెలిగించింది. పాల క్యానులో వేణ్ణీళ్ళు నింపి, మూత బిగించి, గోనె చుట్టి, పక్క తలుపులోంచి బేసిన్ కిందికి జరిపారు. మొదట కొత్త కుండలు వాడేవారట, కుండ చెమర్చి ఊక తడిసిపోయేది. కుంపటి మాట ఎత్తితే బాబాయి ఒప్పుకోలేదు. మూసిన గదిలో బొగ్గుపొగ పిల్లల కంటే ముందు మనల్ని తీసుకుపోతుందన్నాడు. టార్చి వేసి కిటికీలోంచి చూశాను. గుచ్చుకునే అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. క్యాను చుట్టూ, గొంగళి లోపల, ఇరవై నాలుగూ వరసగా ఆనుకుని ఉన్నాయి. చివరికి ఆ సన్నటి కిచకిచ మొదలైంది. అప్పుడు బాబాయి పోయి పడుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళాను. పెట్టె చల్లటి కొస పలకకు అడుగున బందులు ఉన్నాయని అప్పటిదాకా గమనించలేదు. గడియ తీసి పలకను కిందికి దించితే అది నేలకు ఏటవాలు దారి అయింది, దాని మీద అడ్డంగా సన్న బద్దలు కొట్టి ఉన్నాయి, కాళ్ళు జారకుండా. పిల్లలు చాలాసేపు అంచు దగ్గరే నిలబడ్డాయి. ఒకటి మెడ సాచి మొదటి బద్దను పొడిచి చూసింది, దిగింది. మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ అయింది. బాబాయి ఊక ఊడ్చి, గోడలకు సున్నం కొట్టి, గొంగళిని ఎండలో ఆరేశాడు. సాయంత్రం గొలుసు కొక్కేలను ఎర్ర లంకెలోకి మార్చి, వెనకది రెండు లంకెలు కిందికి దించాడు.